మాణిక్యం చేతి స్క్రూ

ఇప్పుడు పంక్చర్ షాపుల్లాగా వీధికొక ఎముకల షాపు. విరిగిన ఎముకకి మెగ్నీషియం స్క్రూ అక్కడికక్కడే కోసిస్తారు. ఎముక అతుక్కున్నాక అది ఒంట్లోనే కరిగిపోతుంది. మా షాపులో కోసేది మిషనే. ఏడో తరగతితో చదువాపిన నన్ను ఉంచింది, కోసేటప్పుడు రాలే మెగ్నీషియం రజను అంటుకుంటే ఇసుక పొయ్యడానికి. నీళ్లు పోస్తే ఇంకా మండుద్ది.

ఆ రోజు మణికట్టు విరగ్గొట్టుకుని నా భార్య మాణిక్యం వచ్చింది. ఆవిడ స్క్రూ మిషన్‌కి వదలబుద్ధి కాలేదు. మూలనున్న పాత చేతి లేత్ నేనే పట్టాను. ఆవిడ చేతిలోకి పోయేదని మెల్లగా, సుతారంగా కోశాను. అదే తప్పు. కోసే టూల్ లోతుగా దిగక, రాసుకుని వేడెక్కింది. పిండిలాంటి రజను భగ్గుమంది. ఇసుక పోసి ఆర్పాను. ఇక ఒక్క మెగ్నీషియం కడ్డీయే మిగిలింది. దాన్నీ మెల్లగానే కొయ్యబోయాను.

షాపు అద్దం అవతల్నుంచి మాణిక్యం అంది: "ఏమయ్యా, పాతికేళ్లుగా లేని మెత్తదనం ఇవాళే వచ్చిందా? మిషన్లు రాకముందు కోసేవాడివిగా, అట్టా కొయ్యి."

కొత్త టూల్ బిగించి, గట్టిగా దించాను. రజను బదులు మందపాటి లోహపు చుట్టలు నిమ్మళంగా రాలాయి. స్క్రూ తెల్లగా మెరిసింది.

"ఏడాదికి కరిగిపోద్ది," అన్నాను.

"కట్టు విప్పేదాకా నాకు జడెవరు వేస్తారు?"

"నేనే. నాకొచ్చినట్టు వేస్తా."

"వంకరగా ఉన్నా పర్లేదులే," అంది.