మిక్సీలో చెవి

కొత్త వస్తువు కొనే ముందు దాని చిప్పు విప్పి చూసుకోవడం ఆ రోజుల్లో బియ్యంలో రాళ్లు ఏరుకున్నంత మామూలు పని. కరీంనగర్‌లోని ఆ కాలనీకి ఆ పని చేసిపెట్టేది కౌసల్యక్క. ముప్పై ఏళ్లు ల్యాబులో రక్తపు చుక్కలు చూసి మలేరియాను పట్టిన కళ్లు ఆమెవి.

ఆ ఉదయం కంపెనీ మనిషి సుధాకర్ ఆటో నిండా మిక్సీలు తెచ్చాడు. ప్రతి పెట్టె మీదా 'మాటలు వినదు' అని ముద్ర ఉంది. కౌసల్యక్క ఒక మిక్సీలోంచి చిప్పు ఊడదీసి, యాసిడ్‌తో దాని నల్లటి పెంకు కరిగించి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"చిప్పు విప్పుడు నేరం మేడమ్," అన్నాడు సుధాకర్.

"నువ్వు గూడ చూడు బిడ్డా. ఈ మూలకున్న గీతలు మోటరు తిప్పేటియి. మరి నడుమ గింత జాగ పట్టిన ఈ గళ్లేంది? పోయినేడు మా కాలనీ భూలక్ష్మి ఇంటి ఫ్రిజ్‌ల దొరికిన, మాటలు వినే చెవి అచ్చం గిట్లనే ఉండె. ఇంట్ల అన్న ఒక్క మాటకు ఆమె నౌకరి పోయింది. పచ్చడి నూరేదానికి మా ముచ్చట్లెందుకు?"

సుధాకర్ చూసి తలదించుకున్నాడు. "నాకు తెల్వదక్కా. పైవాళ్లకు చెప్త."

"నువ్వెందుకు? మేమే చెప్తం."

ఆమె ఇంకో మిక్సీని అరుగు మీద పెట్టి స్విచ్ వేసింది. "రాండ్రి. ఒక్కొక్కలు పేరు చెప్పి మాట్లాడుండ్రి."

మిక్సీలు కొనడానికి చుట్టూ చేరిన కాలనీ ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా కదిలింది భూలక్ష్మి. ఏడాదిగా తన వంటింట్లో సైగలతోనే బతుకుతున్న ఆమె మిక్సీ మీదికి వంగి గొంతెత్తింది.

"ఇంటున్నరా? నా పేరు భూలక్ష్మి. రాసుకోండ్రి."