తొంభై దగ్గర తూర్పు

“గీకెయ్,” అన్నాడు హనుమంతరాయుడు.

“గీకను సార్,” అన్నాడు గఫూర్ సాబ్.

ఇద్దరి మధ్యా బల్ల మీద జానెడు వెడల్పు ఇత్తడి వలయం ఉంది. దాని చుట్టూ మూడు వందల అరవై గీతలు, పది గీతలకొక అంకె. అన్నీ గఫూర్ సాబ్ ఒక్కొక్కటిగా చేత్తో కొట్టినవే. ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక ఉన్న ఆ రేకుల షెడ్డులోకి దూది నలకలు ఎగిరొస్తూనే ఉంటాయి. అవి పడకుండా గుడ్డ కప్పుతూ, తీస్తూ చేసేసరికి మూడు వారాలు పట్టింది.

యంత్రం కాలేజీలో ఫిజిక్సు చెప్పే హనుమంతరాయుడిది. నాలుగేళ్ళుగా గీసి, చెరిపి, మళ్ళీ గీసుకున్నది. నక్షత్రం వెలుగు దారిలో ధూళిని దాటి వచ్చేటప్పుడు దాని కంపనం ఒక దిక్కుకు కొంచెం ఎక్కువవుతుంది. ఆ దిక్కును కొలవాలి. ఒక దిక్కు కంపనాన్నే పోనిచ్చే పోలరాయిడ్ బిళ్ళ గొట్టంలో తిరుగుతుంది. ఏ కోణం దగ్గర వెలుగు పెరిగి మీటరు ముల్లు లేస్తుందో, ఆ కోణాన్ని బయట ఈ వలయం మీద చదువుకోవాలి.

యంత్రాన్ని చూడడానికి అబ్జర్వేటరీ నుంచి జయశ్రీ అనే శాస్త్రవేత్త ఆ మధ్యాహ్నం రైలుకు వస్తోంది. ఆమె సరేనంటే పెద్ద టెలిస్కోపుకు మూడు రాత్రులు బిగిస్తారు. కాదంటే ఆ మూడు రాత్రులూ ఇంకొకరికి పోతాయి. మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

పొద్దున పరీక్షకు హనుమంతరాయుడు దీపం ముందు ఇంకో పోలరాయిడ్ ముక్కను ముప్పై డిగ్రీలు కుడికి తిప్పి పెట్టాడు. ముప్పై రావాల్సిన చోట వలయం, సగం చుట్టుకు ముప్పై తక్కువగా, నూట యాభై చూపించింది. నలభై ఐదుకు తిప్పితే నూట ముప్పై ఐదు. అప్పుడు చూశాడు. అంకెలు గడియారానికి ఎదురు దిక్కున నడుస్తున్నాయి.

“నేనిచ్చిన కాయితంలో ఏం రాసినాను?”

“సున్న కాడ ఉత్తరం, తొంభై కాడ తూర్పు అనుండాది. అట్లనే కొట్టినా.”

“తూర్పు కుడిపక్క కదప్పా ఉండాల్సింది. మూడో క్లాసు పిల్లోడు మ్యాపు చూసి చెప్తాడు.”

“ఇది మ్యాపు కాదు కదా సార్.”

హనుమంతరాయుడికి ఒళ్ళు మండిపోయింది. అసలే ఈ మనిషి పని మొదలుపెట్టాల్సిన రోజుల్లో షెడ్డుకు తాళమేసి పది రోజులు ఎమ్మిగనూరులో ఇంటి దగ్గర కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో పనుండె అన్నాడు. ఆ పది రోజులుంటే ఇలాంటి తప్పు దిద్దుకోవడానికి వ్యవధి దొరికేది. ఇప్పుడు తప్పు చేసిందిగాక ఎదురు జవాబు.

“మీ రాత కుడి నుంచి ఎడమకు పోతుందని నా యంత్రం కూడా అట్లనే పోవల్లనా?”

లేతు మిషను మీదున్న పనివాడు అయ్యన్న నవ్వబోయి, గఫూర్ సాబ్ ముఖం చూసి తల వంచుకున్నాడు.

గఫూర్ సాబ్ గొంతు పెరగలేదు. “అంకెలు మేమూ ఎడమ నుంచే రాస్తాం సార్. ఇంత చదివినోళ్ళకు అది తెలీదా?”

హనుమంతరాయుడు బల్ల మీది ఆకురాయి అందుకున్నాడు. తొంభై అంకె మీద పెట్టి ఒక్క లాగు లాగాడు. ఇత్తడి కీచుమంది. రెండో లాగు లాగేలోపే గఫూర్ సాబ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఎముక నలిగింది.

“చేసినోని కళ్ళ ముందర గీకొద్దు. నేను బయటికి పోయినాక గీక్కో.”

సార్ అనలేదు. చెయ్యి వదిలి, పోయి గడప మీద అటు తిరిగి కూర్చున్నాడు.

జట్కా ఆగింది అప్పుడే. జయశ్రీ గఫూర్ సాబ్‌ను దాటుకుని లోపలికొచ్చి, పలకరింపులు కాకముందే వలయం చేతిలోకి తీసుకుంది. ఆమె ఏదైనా అనేలోపే చెప్పేయాలని హనుమంతరాయుడు తొందరపడ్డాడు. మేస్త్రీ పొరపాటు చేశాడనీ, దిద్దమంటే మొండికేశాడనీ, సాయంత్రానికల్లా అంకెలన్నీ చెరిపించి కొత్తవి కొట్టిస్తాననీ ఒక్క ఊపిరిలో చెప్పాడు.

ఆమె సున్న దగ్గర వేలు పెట్టి, ఎడమకు జరుపుకుంటూ పోయి, గీకిన చోట ఆపింది.

“సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు గీకారు?”

హనుమంతరాయుడు తన పరీక్ష లెక్కలున్న కాగితం చూపించాడు. ఆమె దాన్ని చూసి పక్కన పెట్టింది. పరీక్షలో ముక్కను తిప్పిన దిక్కే తప్పన్నది. నేలను పైనుంచి చూసి మ్యాపు గీస్తామనీ, ఆకాశాన్ని కిందినుంచి చూస్తామనీ, అందుకే అక్కడ తూర్పు రెండో పక్కకు మారుతుందనీ చెప్పింది. తమ దగ్గర కొత్తగా చేరిన వాళ్ళు కూడా మొదట్లో ఇక్కడే తప్పుతారట.

“నమ్మకం లేకపోతే ఉత్తరానికి తల పెట్టి వెల్లకిలా పడుకోండి రాయుడుగారూ. తూర్పు మీ ఎడమ చేతికొస్తుంది.”

అయ్యన్న ముందర, గడప మీద కూర్చున్న ఆ వీపు ముందర ఈ మాట వినవలసి రావడం హనుమంతరాయుడికి తల తీసేసినట్టయింది. సిగ్గు మళ్ళీ కోపంగానే బయటికొచ్చింది.

“ఉత్తరానికి తల పెట్టి ఎవరు పండుకుంటారమ్మా? మా ఇండ్లల్లో పసిబిడ్డను కూడా పండబెట్టరు.”

గఫూర్ సాబ్ ఇటు తిరగలేదు.

“మా ఇంటామె పండుకోనుంది సార్, నలభై దినాలుగా, ఎమ్మిగనూరు ఖబరస్తాన్‌లో. మట్టి పోసినాక ఆమె పక్కన రోంతసేపు పండుకొని చూసినా, తూర్పు ఎడమకే ఉండాది.”