గోనెసంచి చుట్టిన గడ్డపార

"గడ్డపార కింద పెట్టు. నీకు దండం పెడ్త," అంది హెప్సిబా, ఇటిక్యాల రోడ్డు మీద భర్తకు అడ్డంగా నిలబడి.

బావులు తవ్వే సామ్యేలుకు గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. గుండెలో కొంత కండ చచ్చిపోయిందనీ, మిగిలింది బలపడాలంటే మందులతో పాటు రోజూ అరగంట ఉత్త చేతులతో నడవాలనీ, బరువు ముట్టొద్దనీ కర్నూలు డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి వారం తిరక్కముందే సామ్యేలు గోనెసంచి చుట్టిన గడ్డపార భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరడం మొదలుపెట్టాడు. ఆమె రోజూ వాకిట్లో నిలబడి వాడకట్టంతా వినేలా అరిచేది. అతను తల వంచుకుని పోయేవాడు.

ఈరోజు ఆమె ఓపిక అయిపోయింది. వెంటపడి వచ్చి, రెండు చేతులతో గడ్డపారను గుంజింది. అది ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆమె వెనక్కి పడబోయింది.

సంచి విప్పితే లోపల ఎండిన జొన్నదంట్లు రెండు ఉన్నాయి.

"ముప్పై ఏండ్లు బావులు తవ్వినోన్ని. పనిలేనోని లెక్క చేతులూపుకుంట తిరిగితే ఊరోళ్లు నవ్వరా?" అన్నాడు సామ్యేలు, నేల చూస్తూ.

"నాకన్న చెప్పొద్దా?"

"నువ్వు గట్ల అరుస్తెనే గద అందరు నమ్మేది."

హెప్సిబా పళ్లు కొరికింది. దంట్లను మళ్లీ సంచిలో చుట్టి అతని భుజం మీద పెట్టింది.

"రేపు ఇంకింత గట్టిగ అరుస్త. నువ్వు జర వంగి నడువు. గడ్డపార మోసేటోడు గిట్ల నడుస్తడా?"