కదలని గీత

“ముఖం ఆమెదేనండీ. మనిషి మాత్రం ఆమె కాదు,” అన్నాడు ముస్తాక్.

డాక్టర్ భాగ్యశ్రీ తలెత్తి గుమ్మం వైపు చూసింది. అతను ఎవరి గురించి అంటున్నాడో ఆ అమ్మాయి అక్కడే నిలబడి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ముస్తాక్ తల్లి సైదాబీ మంచం పక్కన తల వంచుకుని కూర్చుంది.

ముస్తాక్‌కి తాడేపల్లిగూడెంలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టుంది. కిందటి నెల భార్య షాయిస్తాతో మోటారు సైకిలు మీద మండవల్లి నుంచి వస్తుంటే పొగమంచులో చేపల లారీ గుద్దింది. అతని తల పగిలింది. చెరువు గట్టు పక్క బురదలో పడటంతో షాయిస్తాకి ఏమీ కాలేదని సైదాబీ చెప్పింది.

ఏలూరులోని ఈ ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేసి బతికించారు. జ్ఞాపకానికి మాత్రం చిల్లులు పడ్డాయి. చుట్టాలు చాలామంది అందులోంచి జారిపోయారు. తల్లి, భార్య, కొట్టు మిగిలాయి. కళ్ళు తెరవగానే తల్లిని చూసి ఏడ్చాడు. ఈ అమ్మాయిని చూసి, “ఈవిడెవరు?” అన్నాడు.

మూడు నెలల వరకు మనసుకు ఏ దెబ్బా తగలకూడదని ఆపరేషన్ చేసిన డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే ఎవరూ అతనితో వాదించలేదు.

“కళ్ళు మూస్తే ఆమె చెయ్యి నా భుజం మీద ఉంటుందండీ, బండి మీద ఉన్నట్టే. తెరిస్తే ఈవిడుంటుంది,” అన్నాడు ముస్తాక్. “ఈవిడ నా దగ్గర కూర్చోదు. వరండాలో అమ్మీ పక్కన పడుకుంటుంది. అదేంటండీ మరి?”

“పరాయిదానివని మొహం మీదే అంటుంటే ఏ భార్య దగ్గరికొస్తుందండీ?” అంది భాగ్యశ్రీ మెత్తగా.

అయినవాళ్ళ ముఖంతో ఎవరో పరాయివాళ్ళు వచ్చారనుకునే జబ్బొకటుందని ఆమె చదువుకుంది. చూడటం ఇదే మొదలు. మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతుందో పటం గీసే ఒక జట్టులో ఆమె ఆ ఏడాదే చేరింది. అందులో నాలుగు దేశాల వాళ్ళున్నారు. ఎవరికేం దొరికినా దాచుకోకూడదు. రోగి పేరు తీసేసి ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టాలి. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా తప్పు పట్టొచ్చు. ఏలూరు నుంచి ఆ పటంలో ఇంతవరకు ఒక్క చుక్కా పడలేదు.

“పేర్లు బయటికి రావు కదా డాక్టరమ్మగారూ?” సైదాబీ రెండుసార్లు అడిగి గానీ ఒప్పుకోలేదు.

భాగ్యశ్రీ ముస్తాక్ వేళ్ళకు వైర్లు తగిలించింది. మనకు కావలసిన మనిషి కనబడితే వేళ్ళకు మనకే తెలియనంత చెమట పడుతుంది. తెర మీద గీత లేస్తుంది.

తల్లి ఎదురుగా కూర్చుంది. గీత లేచింది. భాగ్యశ్రీ పెళ్ళి ఫోటోలో షాయిస్తాని చూపించింది. గీత ఎగిరిపడింది. గుమ్మం దగ్గరి అమ్మాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

గీత కదల్లేదు.

“నేను చెప్పలేదాండీ?” అన్నాడు ముస్తాక్. అతని గొంతులో గెలుపు లేదు. భయముంది.

భాగ్యశ్రీ అంతా జట్టు ముందు పెట్టింది. ఫోటోకు లేచిన గీత మనిషికెందుకు లేవలేదని ఒకాయన అడిగాడు. ఫోటో పాత జ్ఞాపకం, ఎదుటి మనిషి కొత్త చూపు, తెగింది ఆ కొత్త దారేనని ఒకావిడ జవాబిచ్చింది. మరి తల్లి సంగతేమిటని ఇంకొకరు అడిగారు. చిన్ననాటి ముడి అంత తేలిగ్గా తెగదని మరొకరు అన్నారు. స్కాన్‌లో కుడివైపు కమిలిన చోటు కూడా సరిపోయింది. వారం తిరక్కుండా అందరూ ఒక మాట మీదికొచ్చారు.

మర్నాడు భాగ్యశ్రీ ఆ స్కాన్ తెచ్చి ముస్తాక్‌కి చూపించింది.

“మనిషిని చూసే చోటు బాగుంది. నా మనిషి అనిపించే చోటూ బాగుంది. ఈ రెంటికీ మధ్య దారి తెగింది. అంతేనండీ.”

ముస్తాక్ ఆ నల్లటి ఫిల్మ్‌ని చాలాసేపు చూశాడు.

“వైరు తెగిందన్నమాట.”

“అవునండీ.”

“అయితే ఆమె ఇక్కడే ఉందాండీ? ఇన్నాళ్ళూ నా ముందే ఉందా?”

“మీ ముందే ఉన్నారు.”

అతను గుమ్మం వైపు చెయ్యి చాచాడు. “నన్ను క్షమించు షాయిస్తా. పిచ్చివాణ్ణయిపోయాను.”

ఆ అమ్మాయి కదల్లేదు. సైదాబీ వైపు చూసింది. సైదాబీ కళ్ళు మూసుకుని తలాడించింది. అప్పుడు వచ్చి చెయ్యిచ్చింది. ముస్తాక్ ఆ చేతిని తన భుజం మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏదో వినడానికి ఆగినట్టు ఆగాడు.

“ఇదే అయ్యుంటుంది,” అన్నాడు చివరికి. “డాక్టరుగారు చెప్పారుగా.”

భాగ్యశ్రీకి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రం జట్టుకు రాయబోయే వాక్యాలు మనసులో అప్పుడే కూడుకుంటున్నాయి.

ఆమె వరండాలోకి రాగానే ఆ అమ్మాయి వెనకే వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది. భుజం మీద నుంచి తీసుకున్న చేతిని చున్నీకి తుడుచుకుంటూనే ఉంది.

“ఇక నెమ్మదిగా అలవాటు పడతారు. రేపు మళ్ళీ వైర్లు పెట్టి చూద్దాం. మీరు తప్పకుండా ఉండాలి, షాయిస్తాగారూ.”

“రేపు కుదరదండీ.”

“ఎందుకని?”

ఆ అమ్మాయి గది తలుపు దగ్గరగా వేసి, గొంతు బాగా తగ్గించింది.

“రేపు మా కవల అక్క షాయిస్తా పోయిన నలభయ్యో రోజు ఫాతిహా అండీ.”