మేడంగారి మతిమరుపు

“వందలోంచి ఏడు తీసేయండి మేడం.”

“తొంభై మూడు. మళ్లీ తీస్తే ఎనభై ఆరు, ఆ తర్వాత డెబ్బై తొమ్మిది. ఇంకా ఎక్కడిదాకా పొమ్మంటావయ్యా?”

హాలు చప్పట్లతో మారుమోగింది. పరిశోధన సంస్థ డైరెక్టరు కళ్లజోడు తీసి, పొడిగా ఉన్న కళ్లనే తుడుచుకున్నాడు.

వేదిక మీద చక్రాల కుర్చీలో ఉన్న పెద్దావిడ ఒకప్పుడు ఆయనకు పాఠాలు చెప్పిన మేడం. నిరుడు ఈపాటికి తన చెప్పుల్నే గుర్తుపట్టేది కాదు. వయసుతో మందగించే మెదడుకు మందు వెతకమంటే, డైరెక్టరుకు ఇంత పేరు తెచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం వేలకొద్దీ పాత మందుల్ని జల్లెడ పట్టి ఒకదాన్ని తేల్చింది. టీవీలో బాగుంటుందని మొదటి మాత్ర మేడంకే వేయించాడు. “గురువు రుణం తీర్చుకుంటున్నా” అని కనపడ్డ విలేకరికల్లా చెప్పాడు. చెప్పినప్పుడల్లా సరిగ్గా ‘రుణం’ దగ్గరే గొంతు పూడుకుపోయేది.

“సర్, ఒక్కరికి నయమైతే సరిపోదు. ఇంకా చాలామందికి ఇచ్చి చూడాలి” అంది ప్రోగ్రామరమ్మాయి, పక్కకొచ్చి మెల్లగా.

“అపశకునం మాటలొద్దమ్మా! సాక్ష్యం కుర్చీలో కూర్చుని లెక్కలు చెప్తుంటే నీ సణుగుడేమిటి?”

ముందు వరుసలోంచి, సంస్థకు కొత్త భవనం కట్టిస్తానన్న దాత లేచాడు. “ఆవిడ జ్ఞాపకశక్తిని నమ్మొచ్చంటారా?”

“నన్ను నమ్మకపోయినా ఆవిడని నమ్మండి. ఇప్పుడు ఆవిడ బుర్ర పాదరసం!” డైరెక్టరు మైకు ఆవిడ చేతికిచ్చాడు. “నా గురించి రెండు మాటలు చెప్పండి మేడం.”

మేడం ఆయన్ని తేరిపార చూసింది.

“వెనక బెంచీలో కునుకు తీసేవాడివి కదూ? ‘ఒక్కసారి చూసిస్తాను మేడం’ అని నా ప్రోగ్రాం పట్టుకెళ్లావు. మళ్లీ తెచ్చివ్వనేలేదు.”

జనం నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

“ఏ ప్రోగ్రాం మేడం?” అంది ప్రోగ్రామరమ్మాయి.

“మందుల్ని జల్లెడ పట్టేదమ్మా. కావాలంటే మొదట్నుంచీ చెప్తా, విను.”

చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. రోజూ ఆ ప్రోగ్రాంతోనే పనిచేసే అమ్మాయి, వింటూ వింటూ డైరెక్టరు వైపు తిరిగింది. దాత కూడా తిరిగాడు.

డైరెక్టరు గబగబా మైకు లాక్కుని గొంతు సవరించుకున్నాడు.

“క్షమించాలి, మందు పనిచేయలేదు.”