నార్‌ఫోక్‌లో చెరకు

"సూట్‌కేస్ కింద పెట్టు, హన్మాండ్లన్నా! గా ఇంగ్లండు నౌకరి కాయితం దొంగది."

ఖతార్‌లోని లుసైల్ లేబర్ క్యాంపు గేటు దగ్గర ఎయిర్‌పోర్టు బండికి అడ్డంగా నిలబడ్డాడు డ్రైవర్ రఫీక్.

"పాగల్ అయినవా? ఈడ రాజీనామా ఇచ్చిన, ఐడీ క్యాన్సిలాయె. నార్‌ఫోక్ అంట, సముద్రం ఒడ్డు జిల్లా. చెరుకు కొట్టుడు పని."

"మా ఇంజనీరు సాబ్‌ది గదే జిల్లా. కాయితం చూసి నవ్విండు. ఆ చలికి చెరుకు మొలవదంట. ఆడ చక్కెర తెల్లదుంపతోని తీస్తరంట."

హన్మాండ్లు సూట్‌కేస్ పిడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చక్కెరంటే చెరుకే అనుకున్నడంటే ఈ కాయితం పంపిన ఏజెంటు మన దిక్కోడే. ఎవడన్నా?"

"ఏమో. అంతా వాట్సాప్ మెసేజులే. మొకం చూడలే, గొంతు ఇనలే."

రఫీక్ కాగితం విప్పి, ఇంగ్లీషును తెలుగులో చెప్పాడు. "దినాం నూరు మోపులు కట్టాలె. మోపుకు పద్నాలుగు గడలు..."

"ఎన్ని?"

"పద్నాలుగు."

హన్మాండ్లు చేతిలోని సూట్‌కేస్ జారిపోయింది.

"ఊరంతా ఇరవై కడతది. నడుము నొస్తదని పద్నాలుగు కట్టింది మా నాయినొక్కడే. ఆయినె పోయి ఆరేండ్లాయె. ఆ లెక్క ఎరిగినోళ్లం ఇద్దరమే."

"ఇంకోడెవడు?"

బండి హారన్ మోగింది.

"నా తోడబుట్టినోడు. తిరుమల్."