తెలీదన్న పంతులమ్మ

ఏ కాలం నాటి మాటో గానీ, ఒక పెరట్లో మందార చెట్టు కింద ఉడుత పంతులమ్మ చిన్న బడి నడిపేది. ఉన్నదే నలుగురు పిల్లలు. ఒక్కరు మానేసినా బడి మూతే.

ఒక పొద్దున దేవుడి ప్రార్థన కాగానే కుందేలు పిల్ల అడిగింది. “పంతులమ్మా, ఈగ అంటుకుపోయే గూట్లో సాలీడు కాళ్లెందుకు అంటుకోవు?”

దిగబెట్టడానికి వచ్చిన వాళ్లమ్మ ఆగి, “చెప్పండి మరి! బాతుగారి పెద్ద బడిలో అయితే అడక్కముందే చెప్పేస్తారట,” అంది.

పంతులమ్మ పిల్లల ముఖాలు చూసింది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కొచ్చు. కానీ పసివాళ్లు నమ్మేస్తారే!

“నాకూ తెలీదమ్మా. రండి, చూద్దాం,” అంది.

“తెలీదా!” తల్లి కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

పిల్లలు సాలెగూటి ముందు బోర్లా పడుకున్నారు. “నన్ను పలకరించకండి, పనిలో ఉన్నాను,” అని విసుక్కుంది సాలీడు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

“అమ్మా, అది అన్ని పోగులూ తొక్కట్లేదే!” అంది కుందేలు పిల్ల. “జిగురు లేని వాటి మీదే నడుస్తోంది!”

“ఇక ఇంటికి పద,” అనబోయిన తల్లి, కూతురి పక్కనే మెల్లగా బోర్లా పడుకుంది.

“ఏవీ? కాస్త జరగవే, నాకు కనబడట్లేదు.”